గొడుగు అడ్డొచ్చిన షాటు

జనవరి 11

ఫిల్ము డబ్బాల గదిలో ఇవాళ వెనిగర్ వాసన. పై అరలో, ఎడమ పక్క. నా ముక్కు ఇంకా పనిచేస్తున్నందుకు సంతోషించాలో, పనిచేసి ఈ కబురు మోసుకొచ్చినందుకు తిట్టుకోవాలో తెలియలేదు. ఫిల్ము పులియడం మొదలుపెడితే ఆగదు. పక్క డబ్బాకు కూడా అంటిస్తుంది. ఈ గుణం మనుషుల్లోనూ చూశాను. వాళ్లను ఏసీలో పెట్టినా లాభం లేదు.

మా ఇంట్లో ఏసీ ఉన్నది ఆ గదికే. డబ్బాలకు ఏసీ, నాకు ఫ్యాను. కరెంటు బిల్లు వచ్చినప్పుడల్లా అబ్బాయి, అమ్మా, నీ పెద్ద సంతానం హాయిగా నిద్రపోతోంది, మేమే చెమటలు కక్కుతున్నాం అంటాడు. వాళ్లు నాకెప్పుడూ ఎదురు చెప్పలేదురా అంటాను.

నిర్మాతగా అయిదు సినిమాలు తీశాను. మొదటిదాని నెగటివ్‌ను లాబొరేటరీ వాళ్లు పోగొట్టారు. అప్పట్నుంచి మిగతావన్నీ ఇంటికి తెచ్చి పెట్టుకున్నాను. ఇప్పుడు వాసన వస్తున్నది మూడోది. నాకు అన్నిటికంటే ఇష్టమైనది. ఇష్టమైనదే ముందు పోతుంది, ఎప్పుడూ అంతే.

జనవరి 14

మనవరాలి ఫోను. నా కూతురి కూతురు. మహర్షి దగ్గర అసిస్టెంట్ డైరెక్టర్‌గా చేరి ఏడాది కావస్తోంది. మహర్షి అన్నది ఆ గడ్డం చూసి మా యూనిట్ వాళ్లు వెక్కిరింతకు పెట్టిన పేరు. ఇప్పుడు పేపర్ల వాళ్లు నిజమే అనుకుని రాస్తున్నారు. నా మూడో సినిమాకు దర్శకుడు అతనే.

ఒక పెద్ద ఫిల్మ్ ఫెస్టివల్ వాళ్లు ఆ సినిమాను బాగుచేయిస్తారట. ఫ్రేము ఫ్రేమూ శుభ్రం చేసి, స్కాన్ చేసి, చల్లటి గోడౌన్‌లో నెగటివ్ దాస్తారట. అంతా వాళ్లే చూసుకుంటారట. సంతోషం గొంతులో బయటపడకుండా దగ్గాను. ఆ తర్వాత వచ్చింది అసలు సంగతి. దర్శకుడు కోరుకున్న రూపంలో అయితేనే చేస్తారట. ముగింపు మారుతుందట. అప్పట్లో నేను తీసేయించిన చెరువు షాటు పెడతారట. హక్కులు నావి, డబ్బాలు నా దగ్గర, కాబట్టి అమ్మమ్మా ప్లీజ్ అట.

ఫోను పెట్టేశాను. మళ్లీ చేసింది. సిగ్నల్ లేదే అన్నాను. సిగ్నల్ లేకపోతే ఎలా మాట్లాడుతున్నావు అంది. తెలివైన పిల్ల. నా పోలికే.

జనవరి 15

ఇవ్వను.

జనవరి 18

ఫెస్టివల్ వాళ్లు నేను ఒప్పుకున్నట్టే లెక్క వేసుకుని, పుస్తకంలో వేయడానికి నా గురించి నాలుగు వాక్యాలు పంపమన్నారు. పంపలేనివి ఇక్కడ రాసుకుంటున్నాను.

కాలేజీలో ఎకనామిక్స్ చెప్పేదాన్ని. గిరాకీ లేని సరుకు తయారుచేయకూడదని ఏళ్ల తరబడి పిల్లలకు పాఠం చెప్పి, ఉద్యోగం మానేసి, సినిమాలు తీశాను. డిస్ట్రిబ్యూటర్లు ఇంటికి వచ్చి సార్ లేరా అని అడిగేవాళ్లు. సార్ అంటే మా ఆయన. బ్యాంకులో పని. చేతిలో పేపరు దించకుండానే, నన్నడిగి లాభం లేదండీ, నేను కూడా టికెట్టు కొనుక్కునే చూస్తాను అనేవారు. వాళ్లు నవ్వేసి మళ్లీ ఆయనతోనే మాట్లాడేవాళ్లు. నేను కాఫీ తెచ్చిపెట్టి బేరం ఆడేదాన్ని.

దర్శకుడి పేరు తెర మీద పడుతుంది. నటి పేరు పోస్టరు మీద పడుతుంది. నిర్మాత పేరు వంటవాడి నోట్లో పడుతుంది, అదీ పప్పులో ఉప్పు తక్కువైన రోజున.

నిర్మాత అంటే ఎవరని మనవరాలు చిన్నప్పుడు అడిగింది. షూటింగులో వాన వస్తే అందరూ ఎవరి మొహం చూస్తారో ఆవిడ అని చెప్పాను. అందుకే ఎండైనా వానైనా నా చేతిలో నల్ల గొడుగు ఉండేది. చాటున నన్ను గొడుగమ్మ అనేవాళ్లు. నాకు తెలియదనుకునేవాళ్లు.

జనవరి 23

మహర్షి స్వయంగా వేంచేశాడు. గడ్డం పూర్తిగా నెరిసింది. మనిషి మాత్రం నెరవలేదు. మనవరాలు వెనకే ఫైలు పట్టుకుని నిలబడింది. నా ఇంట్లో నా మనవరాలు నిలబడి ఉండడం, అతను కూర్చోవడం. కూర్చోవే అన్నాను. అతని వైపు చూసి కూర్చుంది.

మేడమ్, అది నా జీవితంలో తీసిన ఒకే ఒక్క నిజమైన షాటు అన్నాడు. నిజమే, అందులో నటన లేదు అన్నాను. నేను మెచ్చుకున్నాననుకుని తల పంకించాడు. ఇన్నాళ్లూ ప్రతి ఇంటర్వ్యూలోనూ వ్యాపార ఒత్తిడి వల్ల ముగింపు మార్చాల్సి వచ్చిందని చెప్పుకుంటూ వచ్చాడు. వ్యాపార ఒత్తిడి! ఆ సినిమా ఆడింది రెండు వారాలు. రెండో వారం చూసినవాళ్లంతా మా బంధువులు.

చివర్లో మీ గొడుగు అడ్డొస్తుంది కదా, దాన్ని కంప్యూటర్లో తుడిచేస్తాం, ఆనవాలు కూడా ఉండదు అన్నాడు. నన్నా అన్నాను. పెద్దగా నవ్వాడు.

వాళ్లు వెళ్లాక ఇది రాయడానికి కూర్చున్నాను. ఆ రోజు సంగతి ఎక్కడా రాయలేదు. రాస్తాను.

కథలో నాయిక బతుకు మీద విసిగి చెరువులోకి నడిచి వెళ్లాలి. మునిగిపోవాలి. అదీ మహర్షి ముగింపు. ఆ వేషం వేసిన పిల్ల సన్నగా, గలగలా మాట్లాడుతూ ఉండేది, అందరం పిచ్చుక అనేవాళ్లం. ఈత రాదు. నడుముకు తాడు కట్టాం. రెండో కొస రెల్లు పొదల వెనక లైట్‌మ్యాన్ చేతిలో. రిహార్సల్లో నేనే చెప్పాను: కుడి చెయ్యి పాత్రది, దాంతో నీ ఇష్టం వచ్చినట్టు నటించు. ఎడమ చెయ్యి నీది. అది పైకి లేస్తే తాడు లాగేస్తారు. పిచ్చుక నవ్వి, అక్కా, కంగారులో ఏది ఎడమో మర్చిపోతే అంది. గాజు వేసుకున్నది ఎడమ అన్నాను.

కెమెరా తిరిగింది. నడిచింది. ఎవరికీ తెలియని గుంట ఒకటి ఉంది అక్కడ. ఒక్కసారిగా కిందికి వెళ్లింది. గాజు చెయ్యి పైకి లేచింది. లైట్‌మ్యాన్ దర్శకుడి వైపు చూశాడు. దర్శకుడు అరచెయ్యి చూపించి, ఉండు, ఉండు, అద్భుతంగా వస్తోంది అన్నాడు. నేను కెమెరా పక్కనే ఉన్నాను. గొడుగు తీసుకెళ్లి లెన్సుకు అడ్డం పెట్టి, లాగరా అని అరిచాను. షాటు పోయాక అతనికి ఇక ఉండు అనడానికి ఏమీ మిగల్లేదు.

పిచ్చుక బతికింది. నేను ముగింపు మార్పించాను. మా సినిమాలో నాయిక చెరువు గట్టు దాకా వెళ్లి వెనక్కి వస్తుంది, ఇంటికొచ్చి పొయ్యి వెలిగిస్తుంది. నా సినిమాలో ఆ పిల్ల ఇంకోసారి మునగదు అని చెప్పాను. మహర్షి అలిగి హోటల్ గది తలుపు వేసుకున్నాడు. ఆకలేసినప్పుడు తీశాడు.

ఫిబ్రవరి 2

మనవరాలు తగువుకు వచ్చింది. అమ్మమ్మా, ఆ షాటు తాలూకు ఫొటో చూశాను, నీళ్లలోంచి ఒక్క చెయ్యి, లోకానికి వీడ్కోలు చెబుతున్నట్టు, ఒళ్లు జలదరించింది అంది. అది వీడ్కోలు కాదే, తాడు లాగమని అన్నాను. మొత్తం చెప్పాను. మొహం పాలిపోయింది. తర్వాత, చాలా మెల్లగా, అయినా షాటు గొప్పదే కదా అమ్మమ్మా అంది.

నీలో మంచి దర్శకురాలు ఉందే, జాగ్రత్తగా ఉండు అన్నాను.

ఏడ్చింది. ఏడుస్తూనే అడిగింది: అంత అసహ్యమైతే ఆ డబ్బా ఎందుకు దాచావు? సాక్ష్యాన్ని ఎవరైనా పారేస్తారా అన్నాను. మరి కేసు ఎవరి మీద పెట్టావు అంది.

కాఫీ చల్లారిపోయిందని లేచాను.

ఫిబ్రవరి 6

స్కాన్ చేసే లాబొరేటరీ నుంచి ఒకాయన వచ్చి డబ్బాలు చూశాడు. ప్రతిదీ తెరిచి వాసన చూడడం, డాక్టరు నాలుక చూపించమన్నట్టు. వచ్చే వేసవి దాటవండీ అన్నాడు. నా సంగతా, వాటి సంగతా అన్నాను. పాపం, కంగారుపడ్డాడు.

మీరే సొంతంగా చేయించుకోవచ్చు కదా అని సలహా కూడా ఇచ్చాడు. ఇల్లు అమ్మి సినిమా తీయడం నాకు కొత్త కాదు. అమ్మడానికి ఇంకో ఇల్లు లేదు.

అంటే లెక్క ఇది. ఆ షాటు ఇస్తే సినిమా బతుకుతుంది. ఇవ్వకపోతే పొయ్యి వెలిగించిన పిల్ల కూడా పులిసిపోతుంది. రెండు విధాలా చావు ఆ పిల్లదే. ఇంత చక్కటి స్క్రీన్‌ప్లే మహర్షి జన్మలో రాయలేదు.

ఫిబ్రవరి 8

నిర్ణయం నాది కాదని ఇన్ని రోజులకు తోచింది. పిచ్చుక ఇంటికి వెళ్లాను.

మూడో అంతస్తు, లిఫ్టు లేదు. ఆ సినిమా తర్వాత నటించడం మానేసి డబ్బింగులో పడింది. ఇతర హీరోయిన్ల ఏడుపులన్నీ చాలా ఏళ్లపాటు ఆమెవే. ఇప్పుడు ఆ గొంతూ పోయి, పిల్లిని పెంచుకుంటూ ఉంటుంది. ఇప్పటికీ నెత్తి మీద నీళ్లు పోసుకోదు. తడిగుడ్డతో మొహం తుడుచుకుంటుంది. ఎందుకని నేను అడగను, ఆమె చెప్పదు.

విషయం చెప్పాను. కోపం వస్తుందనుకున్నాను. అక్కా, అందులో నా మొహం కనిపిస్తుందా అని అడిగింది. తెలియదు, నేనెప్పుడూ చూడలేదు అన్నాను. ఇన్నేళ్లు ఏసీలో పెట్టి ఒక్కసారీ చూడలేదా, దాని మీద అంత ప్రేమ ఉన్నదానివి అని నవ్వింది. తర్వాత, చూద్దాం పద అంది. అప్పుడు నువ్వు చెప్పు, నేను ఇస్తాను, లేదా తగలబెడతాను అన్నాను.

తగలబెట్టే ముందు నన్ను చూడనీ అంది.

ఫిబ్రవరి 15

లాబొరేటరీలో చిన్న గది. మనవరాలు ఆ ఒక్క డబ్బానూ స్కాన్ చేయించి పెట్టింది. ముగ్గురం కూర్చున్నాం. శబ్దం లేదు. ఆ రోజుల్లో గొంతులు తర్వాత కలిపేవాళ్లం కాబట్టి, ఉండు ఉండు అన్న అతని మాట ఫిల్ముకు అంటలేదు. అదృష్టవంతుడు.

నడిచింది. మునిగింది. చెయ్యి లేచింది. నా జ్ఞాపకంలో అది క్షణంలో అయిపోయింది. ఇక్కడ అలా కాలేదు. వేళ్లు విచ్చుకుని, ముడుచుకుని, మళ్లీ విచ్చుకున్నాయి. గాజు మోచేతి దాకా జారింది. మనవరాలు కళ్లు మూసుకుంది. పిచ్చుక మూసుకోలేదు.

అప్పుడు పక్కనుంచి గొడుగు వచ్చింది. దాని వెనక నేను, ఒక్క రెప్పపాటు, నోరు తెరుచుకుని. తర్వాత అంతా నలుపు.

పిచ్చుక పకపకా నవ్వింది. అక్కా, ఎంత సన్నగా ఉండేదానివి, ఆ నోరు మాత్రం అదే అంది. మళ్లీ వెయ్యమ్మా అని మనవరాలితో అంది. మళ్లీ చూసి, కళ్లజోడు తుడుచుకుని చెప్పింది: ఇచ్చెయ్యి అక్కా. నేను నటించినవి ఇంకేవీ మిగల్లేదు. కానీ గొడుగు ఉండాలి. గొడుగు తీసేస్తే నేను చచ్చిపోయినట్టు. ఉంటే, ఎవరో వచ్చినట్టు.



ఫిబ్రవరి 19

ఒప్పంద పత్రంలో ఒక్క వాక్యం చేర్పించాను. గొడుగు ఉన్న ఒక్క ఫ్రేము కూడా తీయకూడదు, తుడవకూడదు. మహర్షి చిందులు తొక్కుతాడనుకున్నాను. చదివి, గడ్డం నిమురుకుని, ఆలోచిస్తే అదే బాగుందేమో మేడమ్ అన్నాడు. సంతకం పెట్టేశాడు.

ఇంత తేలికగా ఒప్పుకున్నాడేమిటని అనుమానంగా ఉంది. అడగకుండానే పక్కకు జరిగి చోటిచ్చే ప్రయాణికుడు జేబు కొడతాడని మా ఆయన అనేవారు.

ఫిబ్రవరి 22

డబ్బాలన్నీ వాళ్ల వ్యానులో వెళ్లిపోయాయి. గది పెద్దదైంది. అబ్బాయి అక్కడ సైకిలు తొక్కే యంత్రం పెట్టుకుంటాడట. ఎక్కడికీ వెళ్లని సైకిలు. మా వంశంలో ఆ ప్రయాణానికి నేనే ఆద్యురాలిని.

మార్చి 29

పోస్టరు వచ్చింది. మనిషంత చెయ్యి. ఎడమ చెయ్యి. కింద "వీడ్కోలుకు ఒక భాష ఉంటుంది" అని రాశారు.

ఆ వాక్యం తను రాయలేదని మనవరాలు ఫోను చేసి మరీ చెప్పింది. వద్దన్నావా అన్నాను. అన్నాను, కానీ గట్టిగా అనలేదు అంది. కనీసం అబద్ధం చెప్పలేదు.

ఏప్రిల్ 7, ఉదయం

నిన్నటి సంగతి.

మ్యాట్నీ ఆట. హాలు నిండింది. మా సినిమాకు హాలు నిండడం చూడడానికి నేను ఇంతకాలం బతకాల్సి వచ్చింది. ముందు వరుసలో నాకో కుర్చీ. దానికి అంటించిన కాగితం మీద "నిర్మాత కుటుంబం" అని ఉంది. నేను నాకే బంధువునైపోయాను. పిచ్చుక పేరు మీద కుర్చీ లేదు. మనవరాలు తన కుర్చీ మీది కాగితం తిప్పి, "నాయిక" అని పెన్నుతో రాసి, నా పక్క కుర్చీకి అంటించింది. పిచ్చుక దాన్ని చదివి, నలగకుండా తీసి, సంచిలో పెట్టుకుని కూర్చుంది.

సినిమా బాగుంది. ఈ మాట నేను ఎవరికీ చెప్పను, ఇక్కడ రాస్తాను. చాలా బాగుంది. పొయ్యి వెలిగించడం లేదు. చెరువు ఉంది. వయొలిన్లు పెట్టారు. చెయ్యి లేచింది, హాల్లో ఎవరూ ఊపిరి తీయలేదు. గొడుగు వచ్చింది. నలుపు. తర్వాత చప్పట్లు. అందరూ లేచి నిలబడ్డారు. పిచ్చుక నిలబడలేదు కాబట్టి నేనూ నిలబడలేదు.

మహర్షి వేదికెక్కాడు. ఒక కుర్రవాడు ఆ గొడుగు గురించి అడిగాడు. మహర్షి కళ్లు సగం మూసి చెప్పాడు: చావుకు రూపం ఏమిటని నెలల తరబడి వెతికానట. ఒక తెల్లవారుజామున నల్ల గొడుగు స్ఫురించిందట. అది వచ్చి మన చూపును కమ్మేయడమే మరణమట. అప్పట్లో నిర్మాతకు అర్థం కాలేదట, తీసేయమన్నారట. వాళ్లనేమీ అనను, వాళ్ల భయాలు వాళ్లవి అన్నాడు. మళ్లీ చప్పట్లు.

అంటే నేను మృత్యువునన్నమాట. ఈ వయసులో ప్రమోషన్. ఒప్పందంలో గొడుగు తీయకూడదని రాయించాను కానీ, దాన్ని పట్టుకున్న చెయ్యి ఎవరిదో రాయించలేదు. ఎకనామిక్స్ బదులు లా చదవాల్సింది.

లేచి నాలుగు మాటలు అందామని గొంతు సవరించుకున్నాను. అప్పుడు పక్కన చూశాను. పిచ్చుక ఊపిరి సరిగ్గా లేదు. నోరు కొద్దిగా తెరిచి ఉంది. ఎడమ చెయ్యి పైకి లేచి ఉంది. వేళ్లు విచ్చుకుని.

వేదిక మీది నుంచి మహర్షి చూశాడు. అతని వెనక గోడంతా అదే చెయ్యి. అక్కడ పెద్దావిడ ఎవరో ఏదో అడగాలనుకుంటున్నారు, చెప్పండమ్మా, మొహమాటపడకండి అన్నాడు. గుర్తుపట్టలేదు. నటిస్తున్నాడేమోనని అతని మొహంలో వెతికాను. అంత నటన అతనికి రాదు.

మైకు పట్టుకుని వచ్చింది మనవరాలే. రెండు అడుగుల దూరంలో ఆగిపోయింది. గోడ మీది చెయ్యి చూసింది. ఈ చెయ్యి చూసింది. మైకును ఖాళీ కుర్చీలో పడేసింది. ఆ దెబ్బ హాలంతా ధడేలుమంది. ఒక పక్క నేను, ఒక పక్క మనవరాలు, పిచ్చుక నడుం పట్టుకుని లేపాం. నేను అనాలనుకున్న నాలుగు మాటలు కుర్చీలోనే ఉండిపోయాయి. తలుపు దాకా తీసుకొచ్చేసరికి వెనకాల అతని గొంతు వినిపించింది. చూశారా, భరించలేకపోయారు పాపం, సినిమాకు ఉన్న శక్తి అదీ అంటున్నాడు. మూడోసారి చప్పట్లు.

బయట ఎండ. పిచ్చుక గట్టిగా గాలి పీల్చి, అక్కా, గొడుగు తేలేదా అంది.

ఏప్రిల్ 8

మనవరాలు ఉద్యోగం మానలేదు. మానమని నేనూ అనలేదు. పొద్దున పనికి వెళుతూ గుమ్మంలో ఆగి, తను సినిమా తీస్తే తాడు దగ్గర మనిషికి ఆజ్ఞ ఇచ్చేది దర్శకుడు కాకూడదు అంది. నువ్వే కదే దర్శకురాలివి అన్నాను.

అందుకే అంది.

ఏప్రిల్ 10, మధ్యాహ్నం

పిచ్చుకను, పిల్లిని మా ఇంటికి తెచ్చేశాను. డబ్బాల గదిలో మంచం వేశాం. డబ్బాలు లేవు కదా, ఇంకా ఏసీ దేనికమ్మా అన్నాడు అబ్బాయి. చెడిపోయేవి ఇంకా ఉన్నాయిరా అన్నాను.

నిద్రపోతోంది. దుప్పటిలోంచి ఎడమ చెయ్యి బయటికి వచ్చింది. పట్టుకున్నాను. ఈసారి తనే నన్ను లాగింది.